ఎడమ కాలికి పని లేని బండి

అమీర్‌పేట,
ఆదివారం

నా రాఘవేందర్‌కు,

షూటింగ్ దగ్గరికి రేపు పొద్దున ప్రొడక్షన్ కారు బయలుదేరుతుందని మీ మేనేజర్ ఫోన్ చేశాడు. నీ మఫ్లరు, కారప్పొడి డబ్బా సంచిలో పెట్టాను. వాటితో పాటే ఈ ఉత్తరం. మీ అడవిలో సిగ్నల్ లేకపోవడం ఒకందుకు మంచిదే అయింది. ఫోన్లో అయితే నేను మొదలుపెట్టగానే నువ్వు "ఏమైంది, ఏమైంది" అని అడ్డం పడతావు. కాగితం మీదైతే చివరిదాకా చెప్పగలను. ముందే రాస్తున్నా, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నా ఎడమ మోకాలు నొప్పి నువ్వు అనుకుంటున్నంత చిన్నది కాదు. నువ్వు వెళ్లేటప్పుడే వాచి ఉంది. బయటికి కనిపించదు కదా అని ఊరుకున్నాను. క్లచ్ తొక్కినప్పుడల్లా లోపల మేకు దిగినట్టు ఉండేది. ఈమధ్య సిగ్నల్ దగ్గర చేత్తో తొడ పట్టుకుని కాలు ఎత్తి పెడల్ మీద పెడుతున్నాను. వెనక కూర్చున్నవాళ్లు చూడకుండా ఒళ్లో చున్నీ పరుచుకునేదాన్ని. అమీర్‌పేట నుంచి సోమాజిగూడ ఆస్పత్రి ఎంత దూరమని? కానీ ఆ కాస్త దూరంలోనే ఎన్నిసార్లు ఆగాలో, ఎన్నిసార్లు కదలాలో నీకు తెలుసు.

మొన్న మన వ్యాన్‌లో ఎప్పుడూ వచ్చే పేషెంట్లను, అదే మనవాళ్లను, డయాలసిస్‌కి తీసుకుపోతున్నాను. ముందు సీట్లో ఎప్పటిలాగే లెక్కల మాస్టారు అచ్యుతరావు గారు, వెనక మంగవ్వ, ఇంకో ఇద్దరు. మాస్టారు మైత్రీవనంలో పాఠం చెప్పిన రోజుల గురించి ఏదో చెబుతున్నారు. పంజాగుట్ట ఫ్లైఓవర్ సగం ఎక్కాక ట్రాఫిక్ ఆగింది. మళ్లీ కదిలేటప్పుడు నా ఎడమ కాలు వణికి క్లచ్ మీంచి జారిపోయింది. ఇంజన్ ఆగింది. బండి వెనక్కి జారడం మొదలుపెట్టింది. నొప్పితో నాకు కళ్లు బైర్లు కమ్మాయి, బ్రేకు సంగతే తోచలేదు. వెనక బస్సు అద్దంలో పెద్దదవుతూ వస్తోంది. మాస్టారు చెయ్యి చాపి హ్యాండ్‌బ్రేకు లాగారు. బండి ఆగింది. బస్సు హారన్ మాత్రం ఆగలేదు.

ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. మంగవ్వ నా భుజం మీద చెయ్యేసి, "ఏం గాలేదు బిడ్డా. జర ఊపిరి తీస్కో, గప్పుడు పోదాం" అంది. ఆస్పత్రి దాకా ఎలా నడిపానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం మాస్టారి కూతురు సుమశ్రీ ఫోన్ చేసింది. "మీ మీద కోపం కాదండీ. నాన్నగారికి ఏమన్నా అయితే నేనేమైపోవాలి? ఇక నుంచి ఆయన మీ బండిలో రారు" అంది. ఆ అమ్మాయి తప్పుగా ఏమీ మాట్లాడలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. కోప్పడి ఉంటే నేనూ తిరిగి కోప్పడి మర్చిపోయేదాన్ని.

డాక్టరు క్లచ్ ముట్టొద్దన్నాడు. కుడి కాలు బాగుంది కాబట్టి ఆటోమేటిక్ బండి నడుపుకోవచ్చన్నాడు. కొత్తది మనవల్ల కాదు. పాతది కొందామంటే, ఎవరినడిగినా ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందంటే ఇక ఆ బండి మీద ఆశ వదులుకోవడమే అంటున్నారు. పైకి చూస్తే ఏదీ తెలియదట. అందుకే నిర్ణయించుకున్నాను. వ్యాన్ అమ్మేస్తాను. మైత్రీవనం వెనక లేడీస్ హాస్టల్లో వార్డెన్ కావాలట, చేరతాను. ఇప్పటికే మనవాళ్లంతా ఆటోల్లో పోతున్నారు. నువ్వు దీనికోసం పని వదిలి పరిగెత్తుకు రావద్దు.

నీ
మంజూష

*

యూనిట్ క్యాంపు,
గురువారం

మంజూషా,

నీ ఉత్తరం జనరేటర్ బండి పక్కన కూర్చుని చదివాను. చదివి మడిచి జేబులో పెట్టుకుని లైట్ ఎక్కించడానికి పోయాను. స్టాండు బిగిస్తూ మళ్లీ తీసి చదివాను. మావాళ్లు "ఏందన్నా, ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగారు. మంచిదే అని స్టాండు బిగించాను.

కోపం వచ్చిన మాట నిజం. నీ మీద కాదు. ఒకే మంచం మీద పడుకుని నీ మోకాలి వాపు చూడని నా కళ్ల మీద. ముఖం మీద నీడ ఎక్కడ పడుతుందో చూసి చెప్పడమే నా పని. ఇంట్లో మనిషి నొప్పి చూడలేకపోయాను.

ఇక నేను చెప్పేది విను. నాకు రెండు కాళ్లూ బాగున్నాయి. ఈ షెడ్యూల్ అయిపోగానే లైట్ల పని మానేస్తాను. వ్యాన్ నేను నడుపుతాను, నువ్వు పక్కన కూర్చుని మనవాళ్లను ఎక్కించు, దించు. ఇది నిన్ను ఊరడించడానికి అంటున్న మాట కాదు. మేనేజర్‌తో కూడా చెప్పేశాను.

కానీ ఒక్కటి. అమ్మేముందు ఆటోమేటిక్ బండ్లు రెండు మూడు నువ్వే నడిపి చూడు. మా కెమెరా బండి డ్రైవర్‌ని అడిగాను. వాటిలో రకాలున్నాయట, ఒకదాని జబ్బు ఇంకోదానికి ఉండదట. ఎవరెవరో చెప్పిన మాటలతో బండి వద్దనుకోకు. స్టీరింగ్ పట్టుకుంటే నీకే తెలుస్తుంది.

మాస్టారికి నా దండాలు చెప్పు. ఆయన చెయ్యి ఆ సమయానికి కదలకపోతే అన్న ఆలోచన దగ్గరికి నేను పోలేకపోతున్నాను.

నీ
రాఘవేందర్

*

అమీర్‌పేట,
ఆదివారం

నా రాఘవేందర్‌కు,

ఇంత సంతోషంగా నీకు ఎప్పుడు ఉత్తరం రాశానో గుర్తులేదు. ఇన్ని వారాలు జవాబు రాయనందుకు తిట్టుకోకు. ఏది ముందు రాయాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టే రాస్తాను.

నీ ఉత్తరం అందిన మర్నాడు తలుపు తడితే తీశాను. అచ్యుతరావు గారు, రెండంతస్తులు ఎక్కి ఆయాసపడుతూ. వెనకాల సుమశ్రీ. ఆయన కూర్చోకుండానే, "నేను రానని నేను చెప్పలేదమ్మా. నన్ను అడక్కుండా మా అమ్మాయి చెప్పింది" అన్నారు. సుమశ్రీ కళ్లు దించుకుంది. "భయంతో అన్నానండీ. మొన్న ఆటోలో వస్తుంటే నాన్నగారికి కళ్లు తిరిగాయి. ఆటోవాడు మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర దించేసి వెళ్లిపోయాడు. మీరైతే ప్రతిసారీ చెయ్యి పట్టుకుని లిఫ్ట్ దాకా తెచ్చేవారట కదా. ఈయన ఇంతకాలం ఆ మాటే నాకు చెప్పలేదు" అంది. నేను మంచినీళ్లు ఇచ్చాను. నాకూ అవసరమే అయ్యాయి.

హాస్టల్ సంగతి చెప్పాను. మాస్టారు వినిపించుకోలేదు. "మీ ఆయన రెండు మూడు బండ్లు నడిపి చూడమన్నాడుగా. చూడకుండా జవాబు రాసేస్తే ఎలా?" అన్నారు. నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్కే ఆయనకు అప్పటికే చదివి వినిపించాను.

మొదట పంజాగుట్టలో ఒక డీలర్ దగ్గర తెల్ల వ్యాన్ చూశాం. అద్దంలా మెరుస్తోంది. నేను పోయేసరికే ఇంజన్ వేడి చేసి పెట్టాడు. అది గేర్లకు బదులు బెల్టుతో నడిచే రకం. ఖాళీగా నడిపితే నూనె మీద జారినట్టు పోయింది. నాకు నచ్చేసింది. ఇంతలో మంగవ్వ కబురు తెలిసి మనవడి బండెక్కి వచ్చేసింది. "ఉత్త బండి నడిపితే ఏం దెలుస్తది బిడ్డా? రేపు నువ్వు తిప్పేది మమ్ముల. మేం సుత ఎక్కుతం" అంది. డీలర్ నవ్వాడు కానీ కాదనలేకపోయాడు.

అందరం ఎక్కాం. అమీర్‌పేట రద్దీలో ఆగుతూ కదులుతూ ఒక చుట్టు తిప్పి ఫ్లైఓవర్ ఎక్కించాను. ఇంజన్ గోల పెరిగింది, బండి మాత్రం కదలనని మొండికేసింది. సీట్ల కింద సన్నగా వణుకు మొదలైంది. "గిది ఒర్రుతుంది గని పోతలేదు" అంది మంగవ్వ. కిందికొచ్చి రివర్స్ వేస్తే, కాసేపు ఆలోచించుకుని ఒక్క కుదుపుతో వెనక్కి పోయింది.

నా వ్యాన్ చూసే మెకానిక్ ప్రమోద్‌ను పిలిపించాను. గేర్‌బాక్స్ నూనె కొంచెం తీయించి వేలి మీద వేసుకుని చూపించాడు. నల్లగా, మాడిన వాసన. "రకం చెడ్డదని కాదు అక్కా. నూనె మార్చుకుంటా మంచిగ చూసుకుంటే గిదే మస్తు నడుస్తది. దీన్ని మాత్రం బరువేసి తిప్పిన్రు, నూనె ముట్టలే" అన్నాడు.

తర్వాత ఇంకోటి. మామూలు గేర్‌బాక్సే, క్లచ్ తొక్కే పని మన బదులు మోటారు చేస్తుంది. చెడితే బాగుచేయించడం తేలికట. కానీ ఎత్తులో బ్రేకు వదలగానే ఒక్క క్షణం వెనక్కి జారింది. జానెడు కూడా ఉండదు. నా చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీదికి పోయింది. అది మంచి బండే అయి ఉండవచ్చు, నాకు మాత్రం వద్దన్నాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి, నువ్వు రాసినట్టు వ్యాన్ నువ్వే నడపడం ఖాయం చేసుకుందామని కాగితం కూడా ముందు పెట్టుకున్నాను.

సుమశ్రీ మళ్లీ ఫోన్ చేసింది. వాళ్ల ఆఫీసులో ఒకాయన బదిలీ మీద వెళ్తూ వ్యాన్ అమ్ముతున్నాడట. "చూడ్డానికి ఏం బాగోదండీ, కానీ ఒకసారి రండి" అంది. నిజంగానే ఏం బాగోలేదు. బూడిద రంగు, ఒక పక్కంతా గీతలు, ఎండకు డాష్‌బోర్డ్ పగిలింది. మిగతా రెండింటికంటే పాతది. నూనె ఒత్తిడితో గేర్లు తమంతట తామే మారే పాతకాలం ఆటోమేటిక్. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతుందని ఆయనే ముందు చెప్పాడు. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నాం, చేయలేదు. చల్లటి ఇంజన్ మొదటిసారికే అందుకుంది. గేరు వేస్తే వెనక నుంచి ఎవరో మెల్లగా చేత్తో నెట్టినట్టు కదిలింది.

అదే ఫ్లైఓవర్. అందరూ ఎక్కి ఉన్నారు, సుమశ్రీతో సహా. సరిగ్గా సగంలో ట్రాఫిక్ ఆగింది. నా వెనక బస్సు. ముందు సీట్లో మాస్టారి చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద ఉంది. నేను చూశానని ఆయనకు తెలుసు. ముందు బండి కదిలింది. కుడి కాలు బ్రేకు మీంచి తీశాను. వ్యాన్ వెనక్కి పోలేదు, రాఘవ్. తనంతట తనే మెల్లగా పైకి పాకింది. మాస్టారు చెయ్యి తీసేసి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూడసాగారు. నేను ఏడుస్తూనే ఫ్లైఓవర్ దిగాను. "ఏడ్సుకుంట నడుపకు, రోడ్డు గానరాదు" అని మంగవ్వ తిట్టింది.

ప్రమోద్ నూనె తీసి చూస్తే ఎర్రగా, శుభ్రంగా ఉంది. పాత వ్యాన్ అమ్మిన డబ్బుతో కొన్నాను, బండి మన పేరు మీదికి మారింది, పర్మిట్ కూడా వచ్చింది. వార్డెన్ పనికి రావడం లేదని హాస్టల్ వాళ్లకు చెప్పేశాను.

ఇక నీ సంగతి. నువ్వు లైట్ల పని మానొద్దు. పెళ్లయిన కొత్తలో కృష్ణానగర్ గదిలో బల్బుకు రంగు కాగితం చుట్టి, "ఇప్పుడు సాయంత్రం అయింది చూడు" అన్న మనిషివి నువ్వు. నిన్ను నా స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టి నేను సుఖంగా ఉండలేను. మానేస్తానని నువ్వు అన్నావు, మేనేజర్‌తో కూడా చెప్పావు. నాకు అది చాలు. ఆ ఉత్తరం చేతిలో ఉండబట్టే, బండి దొరక్కపోయినా దిక్కులేనిదాన్ని కానన్న ధైర్యంతో నచ్చని బండినల్లా వద్దనగలిగాను. లేకపోతే ఆ తెల్ల వ్యాన్ మొదటి రోజే కొనేసేదాన్ని. మేనేజర్‌కు వెంటనే చెప్పు, నువ్వు ఎక్కడికీ పోవడం లేదని.

నిన్న మొదటిసారి అందరినీ ఆస్పత్రి నుంచి ఇళ్లకు చేర్చాను. మోకాలికి నొప్పి లేదు. పనిలేని ఎడమ కాలు ఏం చేయాలో తెలియక అటూ ఇటూ కదులుతోంది. సుమశ్రీ గేటు దగ్గర ఎదురుచూస్తోంది, నాన్నను పట్టుకోవడానికి కాదు, నాకు టీ ఇవ్వడానికి.

చివరికి మంగవ్వ ఒక్కతే మిగిలింది. వాళ్ల సందు ముందు ఆపితే దిగలేదు. "రేపు ఆయితారం. గా సారును, అందర్నీ ఎక్కించుకోని రా. ఊకెనే తిరుగుదాం" అంది.

"ఎక్కడికి అవ్వా?" అన్నాను.

"ఎటైతేంది బిడ్డా," అంది, "సూది గుచ్చనికాడికి."

నేను పోయేదాకా ఆగకుండా వాళ్లే వచ్చేసి కింద వ్యాన్ హారన్ కొడుతున్నారు. వ్యాన్ తాళం మాస్టారి చేతికే ఇచ్చాను. వెళ్లొస్తాను.

నీ
మంజూష