కొట్టేసిన ఊరి పేరు

స్ఫాక్స్,
మంగళవారం

అమ్మకు వజ్దీ సలాములు. అల్లా దయవల్ల నేను తింటున్నాను, పడుకుంటున్నాను, పనికి పోతున్నాను. నీ మోకాళ్ళూ, చెల్లి నఈమా, మన మేకలూ బాగున్నాయనే అనుకుంటున్నాను.

ఊళ్ళకు జనాన్ని తిప్పే లువాజ్ బండి డ్రైవరు చేత నువ్వు పంపిన ఎండు అత్తిపళ్ళు అందాయి. సగం దారిలోనే మింగాడు దొంగ. అడిగితే, "మీ అమ్మ నాకూ కలిపే కట్టింది లేరా" అన్నాడు. వెల్డింగ్ చేసేటప్పుడు కళ్ళకు అద్దం పెట్టుకుంటున్నావా అని అడిగావు. పెట్టుకుంటున్నాను. సొంతంగా నేర్చుకున్న ఇంగ్లీషు మర్చిపోలేదుగా అన్నావు. మర్చిపోయినా బాగుండేదమ్మా.

నీ వ్యాసం గురించి అడిగినప్పుడల్లా "ఇంకా చూస్తున్నారు" అన్నాను. అబద్ధం. ఇంట్లో అమాజిగ్ మాట్లాడే పిల్లలకు మొదటి రెండేళ్ళు ఆ భాషలోనే కథలు చెబితే, నాలుగో తరగతికి అరబ్బీ గడగడా చదువుతారని నీ బడిలో తొమ్మిదేళ్ళు లెక్క రాసిపెట్టావు కదా. నేను ఇంగ్లీషులోకి మార్చి, చదువుల మీద పరిశోధనలు అచ్చేసే విదేశీ పత్రికకు పంపిన నెలకే అది తిరిగొచ్చింది. ఆ పత్రికకు వచ్చినవాటిని ఇద్దరు పండితులు చదివి తీర్పు చెబుతారు. రాసిందెవరో వాళ్ళకు తెలియనివ్వరు. కానీ మన ఊరి పేరు లోపలే ఉందిగా! "ఇది ట్యునీషియాకే పరిమితం, మరో దేశంతో పోల్చండి" అన్నాడొకడు. "అక్కడి బడుల లెక్కలు ఎంతవరకు నమ్మొచ్చు?" అన్నాడు రెండోవాడు. నీ లెక్కని! అదే సంచికలో ఇంగ్లండులోని ఒకే ఒక్క బడి మీద వ్యాసం వేశారు. శీర్షికలో దేశం పేరే లేదు. వాళ్ళ ఇరవై రెండు మంది "పిల్లలు" అట. మన మూడు వందల మంది "ట్యునీషియా పిల్లలు" అట.

ఓడలు బాగుచేసే మా యార్డులో, నాతో పనిచేసే హెదీ బాబాయికి చెప్పి ఏడ్చాను. ఆయన అప్పుడు ఒక పాత ఓడ వెనకవైపు రేవు పేరు గ్రైండరుతో గీకేస్తున్నాడు. అమ్ముడుపోయిన ఓడకు కొత్త రేవు పేరు అతికించడం మాకు రోజూ ఉండే పనే.

"పిచ్చోడా, తుప్పు అదే, ఇంజినూ అదే. పేరు మారిందా, ఏ రేవులోకెళ్ళినా సలాం కొడతారు. మీ అమ్మ కాగితానికీ అంతే చెయ్యి."

"మోసం కాదా బాబాయ్?"

"ఆ మాట ఓడనడుగు" అని పగలబడి నవ్వాడు.

ఆయన నవ్వులాటకన్నాడు. నేను చేశాను. ఆరు నెలలు ఆగి, మన ఊరు తీసేసి ఇటలీలో ఒక దీవి అని రాశాను. అమాజిగ్ బదులు అక్కడి యాస, అరబ్బీ బదులు ఇటాలియన్. నీ పేరు బదులు ఎవడో ఇటలీవాడి పేరు. అంకె ఒక్కటి మార్చలేదు. అదే పత్రికకు పంపాను. గుర్తుపట్టలేదు, మొదటిసారి సరిగ్గా చదివితేగా! "లెక్కలు నిక్కచ్చిగా ఉన్నాయి, ప్రపంచంలో ఏ బడికైనా పనికొస్తుంది" అని తీసుకున్నారు.

ఆ రోజు నా కోపం ఆగలేదమ్మా. నిజం రాసి పంపేశాను. ఇది మీరు విసిరికొట్టిన వ్యాసమే, రాసింది మబ్రూకా అనే కొండపల్లె పంతులమ్మ అని. సిగ్గుపడతారనుకున్నాను. "ఫోర్జరీ" అన్నారు. ఇక నీ పేరుతో ఏదొచ్చినా తీసుకోరట. మీ విద్యాశాఖకూ ఉత్తరం రాశారట.

ఇన్‌స్పెక్టరు నీ గుమ్మం ఎక్కకముందే నువ్వు నా దగ్గరే వినాలని ఇది రాస్తున్నాను. శుక్రవారం వస్తాను. నీకేమీ తెలియదని ఆయన ముందు సంతకం పెడతాను. నీ ఉద్యోగం నిలబడుతుందేమో. ఆ తొమ్మిదేళ్ళ లెక్కను మాత్రం ఇక ఎవడూ నమ్మడు. నమ్మకుండా చేసింది నేనే.

"మా గురించి అచ్చయిందా పంతులమ్మా అని పిల్లలు రోజూ అడుగుతున్నారు, ఏం చెప్పను రా" అన్నావు. ఆ పండితుల్ని నాలుగు తిట్లు తిట్టి పంపుదామని మొదలుపెట్టాను ఈ ఉత్తరం. వాళ్ళు మన పిల్లల్ని తక్కువగా చూశారు, నిజమే. కానీ ఊరి పేరు కొట్టెయ్యమని వాళ్ళనలేదమ్మా. కొట్టేసింది నేను.

ఇట్లు,
శుక్రవారం నువ్వు పిలిచేదాకా గుమ్మం బయటే నిలబడే నీ కొడుకు,
వజ్దీ