మైమూనా గీసిన అంచు

ధర్మవరం, 2008 ఆగస్టు

రంగనాథ్,

నిన్న సాయంత్రం మైమూనా కంప్యూటర్లో గీసిన చీర అంచును షావుకారు ఒప్పుకున్నాడు. కాబట్టి హిందూపురం నుంచి నువ్వు పంపిన డ్రాయింగ్ ట్యాబ్లెట్ వాపసు రాదు.

అది చెడిపోయిందని నేను ఫోన్‌లో చెప్పింది తప్పు. ఉచితంగా దొరికే ఆ జింప్ సాఫ్ట్‌వేర్‌లో నువ్వు చెప్పిన సెట్టింగు మార్చగానే, పెన్ను నొక్కినకొద్దీ గీత లావైంది. కానీ సగం అంచు అయ్యాక, పెన్నును కుడికి లాగితే తెర మీద తీగ డిజైను ఎడమకు పోయేది. షావుకారు మైమూనా మీద విసుక్కున్నాడు: "ఈసారీ కాకుంటే డిజైన్లు బెంగుళూరులోనే గీయిస్తామ్మా."

కారణం మైమూనాయే పట్టింది. గ్రాఫు కాగితం మీద గీసేవాళ్లు రెండో సగానికి కాగితాన్ని తిప్పుకుంటారు. ఆమె అలవాటుగా ట్యాబ్లెట్‌ను తిప్పేసింది. తెర మీది బొమ్మ మాత్రం తిరగలేదు.

"నేను తిప్పినానని దానికి ఎట్ల తెలుస్తాదన్నా? కండ్లుండాయా దానికి?" అని నవ్వింది.

ట్యాబ్లెట్‌ను బల్లకు టేపుతో అంటించింది. సగం అంచు గీసి, దాని నకలును జింప్‌తోనే తిప్పించి మిగతా సగం చేసింది. ఇన్నేళ్ల చేతి అలవాటును అంత త్వరగా మార్చుకున్నవాళ్లను నేను చూడలేదు. షావుకారు భూతద్దం పెట్టి వెతికినా తప్పు దొరకలేదు.

సోమవారం, మగ్గానికి డిజైను అందించే అట్టలకు ఈ అంచు ప్రకారం రంధ్రాలు కొడతారు. గురువారం అంచు మగ్గమెక్కుతుంది.