నేను చూపించిన పైపు

నాయినా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున మీ మున్సిపాలిటీ నీళ్ల ఆఫీసు నుంచి కొత్త ఇంజనీరు వచ్చాడు. ఊరు ఖానాపురం దిక్కు పెరుగుతోంది కదా, మన బజారులో కూడా భూమి లోపల మురుగు పైపు వేస్తారట. మంచినీళ్ల పైపు ఎక్కడుందో తెలిస్తే దానికి దూరంగా గీత గీస్తాడు. రెండూ పక్కపక్కన పడితే మురుగొచ్చి తాగేనీళ్లలో కలుస్తుంది. కానీ మన పాత పైపులు ఏ మ్యాపులోనూ లేవు, అన్నీ నీ తలలోనే ఉండేవి.

"లైన్‌మన్ కొడుకువి. నీకు తెల్వకుంటే ఇంకెవలికి తెలుస్తది?" అన్నాడు.

నీ ఇనుప చువ్వ తెచ్చి, నీలాగే నేలకు ఆనించి చెవి పెట్టాను. నీళ్ల చప్పుడేమీ వినపడలేదు. బజారంతా నన్నే చూస్తోంది. సిగ్గేసి, బడి గోడ వెంబడి చెయ్యి చూపించాను. ఆయన మ్యాపు మీద ఎర్ర పెన్సిల్‌తో గీసుకున్నాడు.

ఇంట్లోకి రాగానే అమ్మ అడిగింది. "మీ నాయిన పిలిస్తె ఒక్కనాడన్న ఎంబడి పోయినవారా? నీకెట్ల ఎర్కైంది?"

సాయంత్రం ఆఫీసుకు పోయాను. "సార్, నాకు తెల్వదు. అందాజ్‌గ చెప్పిన" అన్నాను.

ఆయన నవ్వాడు. "మీ నాయిన గూడ గట్లనే అనేటోడట, 'అందాజ్‌గ చెప్తున్న సార్' అని. ఒక్కసారి గూడ తప్పలేదట. మ్యాపు హైదరాబాద్ పోయింది, నువ్వు ఇంటికి పో."

ఎండాకాలంలో తవ్వుతారు, నాయినా. ఇంకెవరికి చెప్పాలో నాకు తెలియడం లేదు.