తొమ్మిదో గడిలో కోమలి

తిరుపతి,
5 జూలై 2004

వృక్షశాస్త్ర విభాగం రీడరు డాక్టర్ జయచంద్ర గారికి,

పరిశోధన నిధుల కార్యాలయం సూపరింటెండెంటు నిర్మలమ్మ నమస్కరించి తెలియజేయునది.

ప్రభుత్వ నిధులతో మీరు నడుపుతున్న ఎర్రచందనం విత్తనాల ప్రాజెక్టుకు కొత్త భద్రతా నిబంధనలు వర్తిస్తాయి. విదేశాల్లో ఎవరితో సంబంధాలున్నా వెల్లడించాలి. మీరు ఫారం తొమ్మిదో గడిలో 'లేవు' అని రాశారు. కానీ ప్రతి నెలా మీ పేర మారిషస్ నుంచి ఒక కవరు వస్తున్నట్టు తపాలా రిజిస్టరులో ఉంది. పద్నాలుగేళ్లుగా వస్తోందని గుమాస్తా కుప్పయ్య అంటున్నాడు. వారంలోగా సంజాయిషీ పంపగలరు.

ఇట్లు,
నిర్మలమ్మ

తా.క.: ఫారం ఆకుపచ్చ సిరాతో నింపారు. ఆ రంగు సిరా వాడే హక్కు రిజిస్ట్రారు గారొక్కరిదే. ఆయన చూసి రెండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

*

9 జూలై

నిర్మలమ్మ గారికి నమస్కారములు.

నేను అబద్ధం రాయలేదండీ. ఆ ఉత్తరాలు రాసే కోమలి విదేశీయురాలు కాదు, మన ఐరాల మనిషి. నాతోపాటు ఇదే ల్యాబులో, ఒకే బల్ల దగ్గర పరిశోధన చేసింది. 1990లో మారిషస్‌లో కాలేజీ ఉద్యోగం వస్తే వెళ్లింది. మా ఉత్తరాల్లో రహస్యాలేమీ ఉండవు. అక్కడి గాలివానలు, ఇక్కడి ఎండలు, ఆమె చేసిన పుల్లగూర కుదరకపోవడం, నా స్కూటరు సంగతులు, అంతే. అనుమానం తీరడానికి మొన్నటి ఉత్తరం నకలు జతచేస్తున్నాను.

ఇట్లు,
జయచంద్ర

తా.క.: అసలు ఉత్తరం మాత్రం అడగవద్దని మనవి. అది నా దగ్గరే ఉండాలి. కారణం ఏ నిబంధనలోనూ దొరకదు.

*

16 జూలై

డాక్టర్ గారికి,

ఐరాల సంగతి నమోదు చేసుకున్నాం. అయితే నిబంధన పుట్టిన ఊరు చూడదు, ఉంటున్న ఊరే చూస్తుంది.

మీరు పంపిన నకలు పరిశీలన కమిటీ చదివింది. రెండు సందేహాలు వచ్చాయి. ఒకటి, 'ముసలోడు ఇంకా దగ్గుతాండాడా?' అని ఉంది. ఎవరీ ముసలోడు? ప్రాజెక్టు సిబ్బందిలో ఉన్నాడా? రెండు, చివరి వాక్యం: 'పద్నాలుగేండ్లయింది, ఆ విత్తనం ఇంకా మొలకెత్తలేదా?' ఇది ప్రాజెక్టు ఫలితాలు రాబట్టే ప్రయత్నమా?

అలాగే ఆ వ్యక్తితో మీ సంబంధం ఏమిటో టిక్కు పెట్టి చెప్పాలి: ఉమ్మడి పరిశోధన, ఆర్థికం, బంధుత్వం, ఇతరములు.

ఇట్లు,
నిర్మలమ్మ

తా.క.: ముసలోడంటే గూఢచారి అని కమిటీ సభ్యులు సుందరరాజు గారు గట్టిగా నమ్ముతున్నారు.

*

20 జూలై

నిర్మలమ్మ గారికి,

ముసలోడు నా స్కూటరు. సుందరరాజు గారు ఎప్పుడైనా వచ్చి స్టార్టు చేసి చూసుకోవచ్చు.

ఇక విత్తనం మాట. ఎర్రచందనం కాయ పెంకు చాలా గట్టిది, తొందరగా మొలకెత్తదు. కోమలి దాని మీదే పని చేసింది కాబట్టి ప్రతి ఏడాదీ అడుగుతుంది. నేనూ వెంటనే మొలక శాతం రాస్తాను. అచ్చయిన లెక్కలు తప్ప ఒక్క అంకె కూడా బయటికి పోలేదు.

సంబంధం: ఇతరములు.

ఇట్లు,
జయచంద్ర

తా.క.: పోయిన ఏడాది 'ముప్పై ఎనిమిది శాతం' అని సంతోషంగా రాశాను. తర్వాతి నెల కవరులో ఒకే ఒక్క మాట ఉంది: 'శుభాకాంక్షలు.' ఆమె ఇంకా ఎక్కువ ఆశించినట్టుంది.

*

28 జూలై

డాక్టర్ గారికి,

స్కూటరు విషయంలో కమిటీ తృప్తి చెందింది. సుందరరాజు గారు స్వయంగా పదకొండుసార్లు కిక్కు కొట్టి, ప్రస్తుతం కాలు బెణికి సెలవులో ఉన్నారు.

'ఇతరములు' అని రాస్తే సరిపోదు. ఏమిటో స్పష్టంగా వివరించాలి. ఆగస్టు అయిదులోగా వివరణ రాకపోతే ప్రాజెక్టు నిలిపేసి, నర్సరీలో మీరు పెంచుతున్న మూడు వేల మొక్కలను వేరొకరికి అప్పగించమని పైనుంచి ఆదేశం.

ఇట్లు,
నిర్మలమ్మ

తా.క.: ఇది ఆఫీసు మాట కాదు సార్, నా మాట. ఆయమ్మ అడిగేది చెట్టు విత్తనం గురించి కాదు. మా సెక్షన్లో ఆడోళ్లందరమూ సదివినాము, అందరమూ అదే అనుకున్నాము. ఇంక శాతాలు రాయొద్దండి సార్.

*

2 ఆగస్టు

నిర్మలమ్మ గారికి,

మీ తాజా కలం నిలబడి చదవడం మొదలుపెట్టి కూర్చుని ముగించాను. పద్నాలుగేళ్ల ఉత్తరాలు మళ్లీ తీసి చదివాను. ప్రతి ఏడాదీ అదే ప్రశ్న. ప్రతి ఏడాదీ నా శాతం.

1990 జూన్‌లో రేణిగుంట స్టేషన్లో ఆమెను మద్రాసు బండి ఎక్కించడానికి వెళ్లాను. "ఏమన్నా చెప్పేదుండాదా?" అనింది. "ఉండాది" అన్నాను. బండి వచ్చేసింది. మెట్టు మీద నిలబడి, "ఏందో చెప్పు మరి" అనింది. "ఆడ నేల ఎట్లాంటిదో చూసి రాయి" అన్నాను. ఆమె నవ్వలేదు. బండి కదిలింది. మొదటి ఉత్తరం నిండా నేల గురించే రాసింది, నాలుగు పేజీలు.

పెళ్లయిందో లేదో ఆమె ఎప్పుడూ రాయలేదు. నేను అడగలేదు. అడిగితే ఉత్తరాలు ఆగిపోతాయేమోనని భయం. నెలకొకసారి వచ్చే ఆ కవరు కోసమే మిగతా ఇరవై తొమ్మిది రోజులూ గడుపుతాను.

నిబంధన ప్రకారం వివరణ: '1989 ఫిబ్రవరి నుంచి నాకు కోమలిపై ప్రేమ గలదు. ఇది ఏకపక్షం. దీనివల్ల ప్రాజెక్టుకు ఎలాంటి నష్టమూ లేదు.'

ఇట్లు,
జయచంద్ర

తా.క.: ఈ కాగితం కమిటీ గది దాటకూడదు.

*

9 ఆగస్టు

డాక్టర్ గారికి,

మీ వివరణ కమిటీలో చదివి వినిపించాను. టీలు చల్లారిపోయాయి. తర్వాత ఆమోదించారు.

పద్నాలుగో నిబంధన ప్రకారం వివరణ నకలును ధ్రువీకరణ కోసం సదరు విదేశీ చిరునామాకు రిజిస్టర్డు పోస్టులో పంపడమైనది.

ఇట్లు,
నిర్మలమ్మ

తా.క.: మీ దగ్గర దాచను సార్. నేను ఆపాలనుకుంటే ఆపుండొచ్చు. ఆపలేదు.

*

3 సెప్టెంబరు

నిర్మలమ్మ గారికి,

మీ ఉత్తరం చూసిన రోజే పోస్టాఫీసుకు పరిగెత్తాను. సంచి అప్పటికే చెన్నై వెళ్లిపోయిందట. నా మనసులో మాట, పైన మూడు సీళ్లు, కింద క్రమసంఖ్య వేసుకుని ఆమె ఇంటి తలుపు తట్టి ఉంటుంది. ఎలా చదివిందో, ఎవరి ఎదుట చదివిందో!

ఆగస్టు కవరు రాలేదు. పద్నాలుగేళ్లలో ఇదే మొదటిసారి. మొక్కలు ఎవరికైనా ఇచ్చేయండి. ప్రాజెక్టు మూసేయండి. వీలైతే ఆ కాగితం పొరపాటున పంపామని ఆమెకు రాయండి. నేల గురించైనా సరే, మళ్లీ ఉత్తరం వస్తే చాలు నాకు.

ఇట్లు,
జయచంద్ర

తా.క.: కుప్పయ్య నన్ను చూడగానే రిజిస్టరు తెరవకుండానే తల అడ్డంగా ఊపుతున్నాడు. కనీసం తెరిచి ఊపమనండి.

*

20 సెప్టెంబరు

డాక్టర్ జయచంద్ర గారికి,

ధ్రువీకరణ పత్రం మా కార్యాలయానికి చేరింది. మీ వివరణలో సదరు వ్యక్తి రెండు సవరణలు చేసి, రెండుచోట్లా సంతకం పెట్టారు.

మొదటి సవరణ: '1989 ఫిబ్రవరి' పక్కన, 'ఆయనకైతే సరే. నాకు 1987 నుంచి' అని చేర్చారు.

రెండవ సవరణ: 'ఏకపక్షం' అన్న మాట కొట్టివేసి, 'ఉభయపక్షం' అని రాశారు.

కమిటీ రెండింటినీ ఆమోదించింది. ప్రాజెక్టు యథావిధిగా సాగుతుంది. ఆమెకు అక్కడి కాలేజీతో ఒప్పందం ఇంకా రెండేళ్లు ఉంది కనుక, అంతవరకూ తొమ్మిదో గడిలో 'లేవు' తీసేసి ఆమె పేరు ఉంచాలి. ఇకమీదట ఉత్తరాల నకళ్లు మాకు పంపనక్కర్లేదు. చదవలేమని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఇట్లు,
నిర్మలమ్మ

తా.క.: ఆ పత్రం అంచున చిన్న అక్షరాలతో ఇంకొకటుండాది సార్. కమిటీలో చదవలేదు నేను. 'నాకు పెండ్లి కాలేదు' అని. మన ఫారంలో దానికి గడే లేదు. అయినా రాసింది.