నమలకుండా మింగిన సంగటి

జమ్మలమడుగు

ప్రియమైన అమ్మకు ప్రసన్న వందనాలు. ఇక్కడ అందరం బాగున్నామని ఎప్పటిలా మొదలుపెట్టలేను. నువ్వు కూడబలుక్కుని చదువుకోవడానికి వీలుగా పెద్ద అక్షరాలతోనే రాస్తున్నాను. ఫోన్లో అయితే బాగుండానని చెప్పి పెట్టేస్తావు. అందుకే రేపు కువైట్‌కు తిరిగి వస్తున్న వలి బాషా మామ చేతికి ఇది ఇస్తున్నాను.

నాయన సంగటి తింటున్నాడా అని పోయిన జాబులో అడిగావు. తింటున్నాడు. దాన్ని నమిలే పని లేదు కదా, ముద్ద పులుసులో అద్ది మింగేస్తాడు. పోయిన ఆదివారం కోడికూర చేస్తే, ముక్కలన్నీ నా గిన్నెలో వేశాడు. ప్రేమ అనుకున్నాను. తర్వాత ఆయన చెయ్యి కడిగిన చోట ఎర్రటి ఉమ్మి కనిపించింది.

మరునాడు ప్రొద్దుటూరులో పండ్ల డాక్టరుకు చూపించాను. చిగుళ్ల నిండా చీము. పైపండ్లు ఊగుతున్నాయి.

"ఎప్పటి నుంచి పెద్దాయనా?"

"శానా యేండ్లాయ సార్. మా ఇంటామె మేరీకి తెల్సు. పాపకు చెప్పాకు, సదువు ఇడిసిపెట్టి వస్తాదనింది."

నేను ఆ పక్కనే నిలబడి ఉన్నానమ్మా.

కాళ్ల వాపు చూసి డాక్టరు రక్తపరీక్ష చేయించమన్నాడు. కిడ్నీలు సగానికి పైగా దెబ్బతిన్నాయి. ఇంకా డయాలసిస్ దాకా రాలేదు. కిడ్నీలను చిగుళ్లే చెడగొట్టాయని ఎవరూ అనలేదు. కానీ అక్కడి చీము కిడ్నీలకు చేటు, కిడ్నీలు చెడితే చిగుళ్లు ఇంకా చెడతాయి.

పులివెందులలో నర్సింగ్ చదివేటప్పుడు ముద్దనూరు ఆరోగ్య క్యాంపులో మైకు పట్టుకుని నేను చెప్పింది ఇదే. నువ్వు ముందు వరుసలో కూర్చుని "మా పాప" అని పక్కామెకు చూపించావు. నాయన రాలేదేమంటే "బండల పనికి పోయినాడు" అన్నావు. నేను నోరు తెరిపించి చూస్తానని ఇంట్లోనే ఉండమన్నావట. నిన్న ఆయనే చెప్పాడు. ఆ రోజు ఊరందరి నోళ్లూ చూశాను. నన్ను చదివించింది ఎందుకు?

ఊగే పండ్లు తీసేయాలి. "పైపండ్లు పీకితే కండ్లు పోతాయి. మీయమ్మ ఊ అంటే సూద్దాం" అంటున్నాడు. నువ్వు దాచమంటే దాచాడు, నువ్వు చెబితేనే నోరు తెరుస్తాడు. ఇది చదవగానే ఆయనకు ఫోన్ చెయ్యి. నాతో మాట్లాడకపోయినా సరే. నీ మాట మళ్లీ నమ్మగలనో లేదో నాకే తెలియడం లేదు.

జవాబులో బాగున్నానని రాయకు. పొద్దున పండ్లు తోముకుని ఉమ్మి చూసుకో. ఏ రంగులో ఉంటే ఆ రంగు రాయి.

ఇట్లు,
నువ్వు చదివించిన కూతురు
ప్రసన్నకుమారి