జుట్టు పెరిగే మాత్రలు

శ్రీవారికి,

ఇక్కడ నేనూ అమ్మాయీ క్షేమం. ఆనవాయితీ గనక రాశాను. అందులో నిజమెంతో చదివాక మీకే తెలుస్తుంది. మీరక్కడ క్షేమమని తలుస్తాను అని రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఫోన్లో అయితే మాట మార్చేస్తారు, అందుకే ఈ ఉత్తరం.

అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కుళాయి బాగైంది. అమ్మాయి లెక్కల్లో గట్టెక్కింది. కాలేజీలో నన్ను మళ్లీ ఫస్టియర్ వాళ్లకే వేశారు. "ఫోటోలో అలా చిక్కిపోయావేం?" అన్నారు. దానికి కాస్త ఆగండి.

మొన్నటి ఉత్తరంలో మీరు ముచ్చటపడి రాసిన కథ మూడుసార్లు చదివాను. హెచ్‌ఐవీ మాత్రల డబ్బా మీది కాగితం గీకేశారట. పనిచోట మీ గదిలో ఉండేవాళ్లడిగితే జుట్టు పెరగడానికన్నారట. బట్టతల వెల్డరు "అన్నా, నాకూ రెండియ్యి, పుణ్యముంటుంది" అని వెంటపడ్డాడట. ఎక్కడ మింగేస్తాడోనని డబ్బా చెత్తలో పారేశారట. "ఏడు నెలలైంది, గుండ్రాయిలా ఉన్నాను" అని కింద గీత గీసి మరీ రాశారు. నాకు నవ్వు రాలేదండీ. షుగరు మాత్రలని చెబితే నోరు పడిపోయేదా? ఐదుగురి ముందు పరువు కోసం ప్రాణాన్ని చెత్తబుట్టలో వేసిన మనిషిని ఏమనాలి?

మీరు గుండ్రాయేం కాదు, నివురుగప్పిన నిప్పు. మన ఆసుపత్రి నర్సమ్మ ఏమందో వినండి: "అది చావదమ్మా. మాత్ర పడినన్నాళ్లూ అణిగి ఉంటుంది. ఆపిన కొన్ని వారాలకే లేస్తుంది. ఒళ్లు బాగానే ఉందనుకుంటారు, లోపల రోగాలతో పోరాడే కాపలావాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటారు. ఇంకొకరికి అంటించే బలం కూడా దానికి మళ్లీ వస్తుంది."

ఆవిడ నాకెందుకు చెప్పిందంటారా? నేనూ ఆపాను.

అంతకుముందు ఉత్తరంలో "మానేశాను, ఏమీ కాలేదు" అన్నారు చూడండి, ఆ ఒక్క ముక్క నన్ను తినేసింది. పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదింటికి మింగుతున్నదాన్ని. ఏమీ కానప్పుడు నాకెందుకనుకున్నానా? లేక, అయ్యేదేదో నాకే ముందు కావాలి, అప్పుడు మీకు బుద్ధొస్తుందన్న పంతమా? పదిమందికి పాఠం చెప్పేదాన్ని, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. మూడు నెలలు ఆపాను. మొదటి నెల నేనూ గుండ్రాయినే. తర్వాత జ్వరం, నాలుక మీద తెల్లటి పూత, మింగబోతే గొంతులో ముళ్లు. ఆరు కిలోలు తగ్గాను. అదీ ఫోటో సంగతి.

డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేది. "మళ్లీ మొదలుపెట్టండి. పాత మాత్రకి అది లొంగుతుందో లేదో కొన్నాళ్లాగి పరీక్ష చేస్తేగానీ చెప్పలేం" అన్నాడు. మొదలుపెట్టాను, ఆ పరీక్ష ఇంకా కాలేదు. కూర్చుంటే అదే, నిలుచుంటే అదే.

వచ్చే నెల సెలవుకి వస్తానన్నారు. ముందు అక్కడి ఆసుపత్రికి వెళ్లండి. ఆపానని ఒప్పుకోండి. మాత్ర మొదలుపెట్టి, రిపోర్టు చేత్తో పట్టుకుని రండి. లేకపోతే గుమ్మంలోంచే పంపేస్తాను. అంటుకుంటుందన్న భయంతో కాదు, మీరు కళ్లెదుట కరిగిపోతుంటే వడ్డించడం నా వల్ల కాదు.

నా నాలుక చూసిందీ, ఆసుపత్రికి లాక్కెళ్లిందీ అమ్మాయే. "నాన్నకి ఏమైనా రాయమంటావా?" అని ఇప్పుడే అడిగాను. పుస్తకంలోంచి తలెత్తలేదు.

"మింగి ఫోన్ చెయ్యమను. అప్పటిదాకా నేను ఎత్తను."

ఇట్లు,
కోపం చల్లారకపోయినా ఇంకా మీ భార్యనే.