వంటింటి సజ్జ ఎత్తు

ఏమండీ, మేస్త్రీ నర్సింహులు సాయంత్రం వస్తే కొత్త ఇంటి ప్లానుకు సరే అనకండి. ఖర్చు లెక్క కూడా అప్పుడే కట్టించవద్దు. నేను షాబాద్ వెళ్తున్నాను. బస్సులు బంద్ కాబట్టి అంతయ్య ఎడ్లబండి మాట్లాడుకున్నాను. మా తమ్ముడు బండల గనిలోనే పనిచేస్తాడు గనుక, నేలకు పరిచే బండల అసలు ధర వాడినే అడిగి వస్తాను. అన్నం, పప్పు పొయ్యి మీద ఉన్నాయి. బర్రెకు కుడితి పెట్టండి.

తెలంగాణ గొడవలతో మీ బడి మూతపడినప్పటి నుంచి, ఇల్లు ఎలా కట్టాలో చూసి వస్తానంటూ రోజూ సైకిలెక్కి మొయినాబాద్‌లోని మా అక్క ఇంటికే వెళ్తున్నారు. అక్కడ ఏం చూశారో, మొన్న మీ వెంట వచ్చిన మేస్త్రీ నిన్న చెప్పాడు.

"వంటింట్ల సజ్జ ఎంత ఎత్తుల పెట్టాల్నో చూస్తానికి, సారు మీ అక్కను నిలవెట్టి చెయ్యెత్తమని టేపు పట్టిండమ్మా. ఇద్దరిది ఒకటే నవ్వుడు!"

నవ్వు కొలత ఎంత వచ్చిందో మాత్రం అతను చెప్పలేదు.

మా అక్క నాకంటే జానెడు పొడవు. ఆమె చేతికి అందే సజ్జ మీది ఉప్పు డబ్బా నాకెలా అందుతుంది? ఆ ఇంట్లో వండేది నేనా, ఆమెనా? అక్కాచెల్లెళ్లిద్దరినీ చేసుకున్న యాకోబు కథను బైబిల్లోనే ఉండనివ్వండి.

రేపు నేను వచ్చాక టేపు తీయండి. చెయ్యి నేనెత్తుతాను.

ప్రేమమ్మ

ప్లానులో ఆ సజ్జ గీతను రబ్బరుతో చెరిపేశాను. మేస్త్రీ అడిగితే పిల్లల మీదికి నెట్టకండి, నేనే చెరిపానని చెప్పండి. మా అక్క అడిగినా అదే చెప్పండి.